పదకొండు కిలోల గిన్నెలు

గురువారం సాయంత్రం నాలుగున్నరకి చిట్టమ్మ ఆ బియ్యపు సంచిని ఎత్తలేక ఎత్తి కొరియర్ ఆఫీసు కౌంటరు మీద పెట్టింది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో అది ఒకే గది ఆఫీసు. స్టీల్‌ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు ఎప్పుడో ఇళ్ళకి చేరిపోయారు. లోపల జ్యోతిర్మయి ఒక్కతే కూర్చుని టేపు చుట్ట అంచు దొరక్క గోటితో గీకుతోంది. ఎనిమిదేళ్ళుగా ఆ కౌంటరు ఆమెదే.

సంచిలో పాత దుప్పటి, దుప్పటిలో రెండు ఇటుకలంత నల్లటి పెట్టె. పైన పట్టుకోడానికి పిడి ఉంది. ఒక పక్క పూరీలా ఉబ్బి ఉంది.

"బేటరీ అమ్మా. నా కరెంటు బండిది. ఉబ్బిపోనాది. సార్జింగు ఎక్కట్లేదు" అంది చిట్టమ్మ. ఆమె దగ్గర చేపల వాసన వస్తోంది. ఆ సంగతి తెలిసే కాబోలు, కౌంటరుకి ఒక అడుగు వెనక్కే నిలబడింది.

చిట్టమ్మది జాలరిపేట. పొద్దున్నే ఒడ్డున చేపలు కొని, నిరుడు కొన్న బండి మీద పెట్టుకుని కాలనీలు తిరిగి అమ్ముతుంది. బండి అమ్మిన షాపు మూసేశారు. హైదరాబాదులో కంపెనీకి ఫోన్ చేస్తే పాత బ్యాటరీ పంపించమన్నారు, సోమవారం లోపల చేరితేనే గ్యారంటీ కింద కొత్తది ఇస్తామన్నారు. రెండు కొరియర్ ఆఫీసుల్లో పెట్టె చూడగానే తల అడ్డంగా ఊపేశారట. రెండో చోట బయట నిలబడ్డ ఆటో అతను చెప్పాడట, కూర్మన్నపాలెం మేడమ్ దగ్గరికి వెళ్ళు, ఆవిడ ఎవర్నీ వెనక్కి పంపదు అని.

ఆ మాటకి జ్యోతిర్మయికి లోపల సంతోషం కలిగింది. నిజమే, ఆమె ఎవర్నీ వెనక్కి పంపదు. వెనక గోడ మీద పంపకూడని వస్తువుల పట్టిక ఉంది. గ్యాసు బండ, టపాకాయలు, యాసిడ్, బ్యాటరీ, డబ్బు, బంగారం, ఒక్కో బొమ్మ మీద ఒక్కో ఎర్ర గీత. ఆ పట్టిక చూపించి మనుషుల్ని పొమ్మనడం ఆమెకి చేతకాదు. నూనె కారే ఆవకాయ సీసాని పిండివంటలని రాసింది. సెంటు బుడ్డిని బొమ్మలని రాసింది. ఎప్పుడూ ఏమీ కాలేదు.

కంప్యూటర్లో వస్తువు పేరు దగ్గర బ్యాటరీ అని కొట్టింది. ఎర్ర అక్షరాలు వచ్చి ముందుకి వెళ్ళనివ్వలేదు. చెరిపేసింది. సంచిని తూకం మీద పెడితే పదకొండు కిలోలు తూగింది. కొంచెం ఆలోచించి 'స్టీలు గిన్నెలు' అని కొట్టింది. విలువ రెండు వేలు.

"మరి దార్లో పోతే ఏటమ్మా? ఇన్సూరెన్స్ ఏదో ఉంటాదంట గదా" అని అడిగింది చిట్టమ్మ.

ఇన్సూరెన్సుకి బిల్లు కావాలి. బిల్లు మీద బ్యాటరీ అని ఉంటుంది. జ్యోతిర్మయి అదేమీ చెప్పలేదు. రెండ్రోజుల్లో చేరిపోయే దానికి అదంతా ఎందుకులెమ్మంది. చిట్టమ్మ తల ఊపి, చూపించిన చోట సంతకం పెట్టింది. ఏం రాశావని అడగలేదు.

ఆమె వెళ్ళిపోయాక జ్యోతిర్మయి మంచి అట్టపెట్టె వెతికి తీసింది. అడుగున థర్మాకోల్, పక్కల పాత పేపర్లు కూరింది. ఉబ్బు వల్ల మూత మూతపడలేదు. రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమంది. థర్మాకోల్ విరిగిందనుకుని నాలుగు వరసలు టేపు వేసింది.

ఆరింటికి వ్యాను వచ్చింది. డ్రైవర్ అప్పలసూరి పార్సిళ్ళు ఒక్కొక్కటే లోపలికి అందుకుంటూ ఆ పెట్టె దగ్గర ఆగాడు. లేబుల్ చూశాడు. ఆమెని చూశాడు.

"గిన్నెలా మేడమ్?"

"ఊఁ" అంది జ్యోతిర్మయి, రిజిస్టర్లోంచి తలెత్తకుండా.

అతను పెట్టెని ఓ మూలకి జరిపి తలుపులు వేసుకున్నాడు.

మర్నాడు ఇంకా షట్టరు పైకెత్తకముందే మేనేజర్ దేవీప్రసాద్ ఫోన్ చేశాడు. ఊళ్ళోని కౌంటర్లన్నీ, ఆటోనగర్‌లో పార్సిళ్ళు విడదీసే గోడౌనూ అతని కిందే ఉంటాయి. నిన్న ఏడింటప్పుడు గోడౌను బయట వరసలో నిలబడి ఉండగా వ్యానులోంచి పొగ వచ్చిందట. అప్పలసూరి తలుపులు తెరిచి చేతికందిన పార్సిళ్ళు బయటికి విసిరేశాడట. సగం మిగిలాయి. వ్యాను పూర్తిగా పోయింది. సూరి కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది, ఆసుపత్రిలో ఉన్నాడు.

జ్యోతిర్మయి తాళం చెవి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మన కౌంటర్ నుంచి తేడా వస్తువులేవీ ఎక్కలేదు కదా జ్యోతీ?"

"లేదు సార్."

 అతను మంచిదన్నాడు. నిజం వినడం తనకీ ఇష్టం లేదన్నట్టుగా ఉంది ఆ గొంతు.

మధ్యాహ్నానికి కారణం తేలిపోయింది. డ్రైవరు బండిలో బీడీ కాల్చాడు. అలా అని అతనే కాగితం మీద సంతకం పెట్టాడు. ఎడమచేత్తో.

శనివారమంతా కౌంటరు దగ్గర జనం. స్టీల్‌ప్లాంటు క్వార్టర్స్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఉద్యోగంలో చేరడానికి పంపిన అసలు సర్టిఫికెట్లు కాలిపోయాయి. ఆమె ఏడవలేదు, ఇప్పుడు నేనేం చెయ్యాలండీ అని మాత్రం మెల్లిగా మూడుసార్లు అడిగింది. ఒక దర్జీ పెళ్ళి జాకెట్లు పోగొట్టుకున్నాడు. ఇన్సూరెన్స్ చేయించని పార్సిలుకి కంపెనీ తూకాన్ని బట్టే ఇస్తుందని, అది రసీదు వెనక రాసి ఉంటుందని జ్యోతిర్మయి ఒక్కొక్కరికీ చెప్పింది. రసీదు తిప్పి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. చూపిస్తున్న ఆ వేలు తనది కాదేమో అనిపించింది ఆమెకి. డ్రైవర్ని తిట్టినప్పుడల్లా తల వంచుకుంది. ఆ తల వంచుకోవడాన్ని వాళ్ళు తమ మీద జాలి అనుకున్నారు.

ఆదివారం ఆఫీసు ఒంటిపూట. మూసే వేళకి చిట్టమ్మ వచ్చింది. రెండు బస్సులు మారి, దిగిన దగ్గర్నుంచి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"బండి కాలిపోనాదంట గదమ్మా. నా బేటరీ వల్లేనేటి?"

పార్సిలు సంగతి అడుగుతుందని, కొత్త బ్యాటరీ సంగతి అడుగుతుందని జ్యోతిర్మయి సమాధానాలు సిద్ధం చేసుకుని ఉంది. ఈ ప్రశ్నకి సిద్ధంగా లేదు.

"కాదమ్మా. డ్రైవర్ బీడీ కాల్చాడు."

చిట్టమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. రెండు రాత్రులు తనకి నిద్ర లేదంది. తన మూలంగా ఒక మనిషి చెయ్యి కాలిపోయిందేమోనని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుందట. ఆ తర్వాత కోపం వచ్చింది. మంది సొమ్ము బండిలో పెట్టుకుని బీడీ కాల్చిన ఆ దిక్కుమాలినవాడికి ఇంకా కాలాల్సిందంది. వెళ్ళబోతూ తామరాకులో చుట్టిన చేపలు కౌంటరు చివర పెట్టింది. బ్యాటరీ పోయినా నువ్వు మాత్రం మంచిదానివమ్మా అంది.

ఆ చేపల్ని జ్యోతిర్మయి ఇంటికి తీసుకెళ్ళి, తోమి, పులుసు పెట్టింది. భర్త తిరుమలరావు రెండుసార్లు వేయించుకున్నాడు. ఆమె కడుపులో బాగాలేదని చెప్పి మజ్జిగ తాగింది.

సోమవారం పదకొండింటికి ఇన్సూరెన్స్ తరఫున విచారణకి గుణశేఖర్ అనే పెద్దాయన వచ్చాడు. పక్కన దేవీప్రసాద్ ఉన్నాడు. గుణశేఖర్ పంచదార లేని టీ తెప్పించుకుని, ఆ రోజు ఎక్కిన పార్సిళ్ళ పట్టిక ముందు పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కో వరసా టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఒకచోట పెన్సిలు ఆగింది.

"స్టీలు గిన్నెలు, పదకొండు కిలోలు" అని చదివాడు. "బూడిదంతా జల్లెడ పట్టించానమ్మా. తాళాలు దొరికాయి, జిప్పులు దొరికాయి. గిన్నె ఒక్కటి దొరకలేదు. స్టీలు కాలిపోదు కదా."

ఫ్యాను తిరుగుతోంది. పట్టిక అంచు లేస్తుంటే ఆయన బొటనవేలితో నొక్కిపట్టాడు.

"ఎవరైనా పట్టుకుపోయి ఉంటారు సార్" అంది జ్యోతిర్మయి.

దేవీప్రసాద్ వెంటనే అందుకున్నాడు. ఆ రోజు మంటలు చూడ్డానికి వందమంది పోగయ్యారనీ, ఎవరు ఏది ఎత్తుకుపోయారో ఎవరికి తెలుసనీ అన్నాడు. గుణశేఖర్ ఆమె వైపే చూస్తూ ఆ మాటలు విన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఈ కౌంటరులో నిషేధించిన వస్తువులేవీ తీసుకోలేదని అందులో ఉంది. డ్రైవరు అజాగ్రత్త అయితే క్లెయిమ్ వస్తుందని, తెలిసి తెలిసి నిషేధించిన సరుకు ఎక్కిస్తే రాదని మామూలుగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. జ్యోతిర్మయి సంతకం పెట్టింది. చివరి అక్షరం దగ్గర పెన్ను కాగితంలోకి దిగబడి చిన్న చిల్లు పడింది. ఆయన తన ఫోన్ నంబరున్న కార్డు ఆమె ముందు పెట్టి లేచాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమెకి అర్థమైంది. ఇప్పటిదాకా అబద్ధం ఒకటే. ఇప్పుడు తన మాటతో ఎవరో ముక్కూమొహం తెలియని నలుగురు దొంగలు కూడా అయ్యారు.

మంగళవారం మధ్యాహ్నం సెలవు పెట్టి పరవాడ వెళ్ళింది. సూరి చెయ్యి ఎలా ఉందో చూసి వస్తానని భర్తకి చెప్పింది, తనకి తానూ అలాగే చెప్పుకుంది. పవర్‌ప్లాంటు గొట్టాలు కనిపించే వీధిలో చివరి ఇల్లు. గుమ్మం పక్క తులసికోట మీద సన్నటి బూడిద పేరుకుని ఉంది.

అప్పలసూరి నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి కట్టుతో దిండు మీద ఉంది. ఎదురుగా ముక్కాలి పీట మీద భార్య నూకాలు కంచం పట్టుకుని అన్నం కలుపుతోంది. జ్యోతిర్మయిని చూసి కూర్చోమని కుర్చీ చూపించి, మళ్ళీ కలపడంలో పడింది.

ముద్ద చేస్తుంది. అతని నోటి దాకా తీసుకెళ్తుంది. అతను నోరు తెరుస్తాడు, పెడుతుంది. అంతసేపూ ఆమె అతని మొహం వైపు చూడదు. గోడ వైపు చూస్తుంది. ఒక మెతుకు అతని గడ్డం మీద పడితే కొంగుతో తుడిచింది, అప్పుడు కూడా చూడలేదు.  ఇల్లంతా కంచం మీద గాజుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

కంచం కడిగి వచ్చాక నూకాలు జ్యోతిర్మయితోనే అంది. నాలుగేళ్ళ కిందట ఆయాసం వచ్చి ఆసుపత్రిలో పడ్డప్పుడు బీడీ ముట్టనని కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడట. ఆ పిల్ల పేరు ఆశ, ఇప్పుడు తొమ్మిదో తరగతి.

"ఉద్యోగం పోనాదని కాదమ్మా నాకు. గుంట నెత్తి మీద ఒట్టేసి, దొంగసాటుగా కాల్సినాడు. ఈ మనిషి ఏటి సెప్పినా ఇంకెలగ నమ్మీది?"

అప్పలసూరి కళ్ళు దించుకున్నాడు. జ్యోతిర్మయి వెళ్ళొస్తానని లేచింది. బస్సు దాకా వస్తానని అతనూ కట్టు కట్టిన చెయ్యిని పొట్టకి ఆనించుకుని వెంట బయల్దేరాడు.

వీధి మలుపు తిరిగాక ఆమె ఆగింది. 

"అన్నా, ఆ పెట్టెలో గిన్నెలు కావు."

"తెలుసు మేడమ్" అన్నాడు అప్పలసూరి. "గిన్నెల పెట్టె ఎత్తితే మోగదేటి? అది మోగనేదు. సెయ్యి పెడితే వెచ్చగుంది కూడాను. నాను దించేయాల్సింది. మీరు ఊఁ అన్నారు, నాను ఎక్కించేసినాను."

మరి కాగితం మీద ఎందుకు సంతకం పెట్టావని అడిగింది. దేవీప్రసాద్ ఆసుపత్రికి వచ్చాడట. బీడీ అంటే క్లెయిమ్ వస్తుంది, అందరికీ ఎంతో కొంత ఇవ్వొచ్చు, రెండు నెలలు ఆగి నిన్ను ఇంకో ఊళ్ళో తీసుకుంటాను అన్నాడట. చెయ్యి మండిపోతుంటే సరేనన్నాడు. ఇప్పుడు ఆమె నిజం చెబితే ఆ రెండు నెలల మాటా పోతుంది. అందుకని ఆఫీసులో చెప్పొద్దన్నాడు.

"ఆపీసోళ్ళు ఏటనుకున్నా ఫర్లేదు మేడమ్. మా నూకాలుకొక్కదానికి సెప్పండి. నాను సెప్తే నమ్మట్లేదు. అయిదు రోజులై నా మొకం సూడ్డం లేదు."

ఇద్దరూ వెనక్కి నడిచారు. నూకాలు గుమ్మంలో బూడిద ఊడుస్తోంది. జ్యోతిర్మయి నిలబడే చెప్పింది. బ్యాటరీ అని తెలిసి తీసుకున్నాననీ, గిన్నెలని రాసింది తనేననీ, మూత పట్టకపోతే ఒంటి బరువు వేసి నొక్కింది కూడా తనేననీ చెప్పింది. నిన్న పెట్టిన సంతకం సంగతీ చెప్పింది. ఏడుపు వచ్చింది కానీ ఏడిస్తే నూకాలు ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది.

నూకాలు చీపురు గోడకి ఆనించింది. మొగుడి దగ్గరికి వెళ్ళి, అతని మొహంలోకి చాలాసేపు చూసింది. జారిపోతున్న కట్టు అంచుని లోపలికి మడిచింది. తర్వాత జ్యోతిర్మయి వైపు తిరిగింది.

"మా ఇంటికొచ్చి సెప్పినావు, మంచిదే. కానీ నువ్వు సంతకం పెట్టింది నా ముందర కాదు గదమ్మా."

"నూకాలూ, ఒగ్గీ" అన్నాడు సూరి, వదిలెయ్యమన్నట్టు ఎడమచెయ్యి ఊపుతూ.

"నాను ఒగ్గేస్తాను. రేపు ఇస్కూల్లో ఆశని, బీడీ కాల్సి బండి తగలెట్టినోడి కూతురంటే అది ఒగ్గీగలదా?"

 జ్యోతిర్మయి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. టిక్కెట్టు తీసుకోడానికి సంచి తెరిస్తే గుణశేఖర్ కార్డు చేతికి తగిలింది.

బుధవారం పొద్దున్నే ఫోన్ చేసింది. ఆయన ఆశ్చర్యపోలేదు. వచ్చి సొంత చేతిరాతతో రాసివ్వమన్నాడు. ఆమె తెలుగులో రెండు పేజీలు రాసింది. 'పంపినావిడ బ్యాటరీ అనే చెప్పింది, ఆవిడ తప్పు లేదు' అన్న వాక్యం కింద గీత గీసింది. డ్రైవరు ఆ పెట్టెని అనుమానించిన సంగతి రాయలేదు. అదొక్కటీ దాచింది. అది కూడా తప్పేనేమో ఆమెకి తేలలేదు.

సాయంత్రం దేవీప్రసాద్ తాళాలు తీసుకోడానికి వచ్చాడు. తిట్టలేదు. ఎనిమిదేళ్ళలో ఎన్ని ఆవకాయ సీసాలు పంపావో తనకి తెలుసనీ, కౌంటర్ బాగా నడుస్తోందని తనూ చూసీచూడనట్టు ఊరుకున్నాననీ అన్నాడు. తన ఉద్యోగం కూడా ఉంటుందో ఊడుతుందో తెలియదన్నాడు. షట్టరు ఆమె చేతే దింపించాడు.

ఆ తర్వాతి వారం తెలిసిన సంగతులు ఇవి. ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ ఇవ్వం అన్నారు. కంపెనీ అందరికీ తూకం లెక్కనే ఇచ్చింది. సర్టిఫికెట్ల అమ్మాయి ఫోన్ చేసి, మీరు ఆ రోజే నిజం చెప్పినా నాకు ఒరిగేదేమీ లేదండీ, అయినా మీ మాటల్ని ఎంత నమ్మానో అని పెట్టేసింది. అప్పలసూరి మీద బీడీ మాట కొట్టేశారు. చెయ్యి మానాక గోడౌనులో పని ఇస్తామని ఉత్తరం వచ్చింది, ఎప్పుడన్నది రాయలేదు. ఆ ఉత్తరాన్ని ఆశ స్కూలుకి పట్టుకెళ్ళి అందరికీ చూపించిందని నూకాలు ఫోన్లో చెప్పింది. 

ఇక మిగిలింది చిట్టమ్మ.

శుక్రవారం తెల్లారాక జ్యోతిర్మయి జాలరిపేట వెళ్ళింది. తెప్పలు ఒడ్డుకి చేరి చాలాసేపయింది. వేలం అయిపోయి ఆడవాళ్ళు ఎవరి సరుకు వాళ్ళు సర్దుకుంటున్నారు. చిట్టమ్మ ఇసకలో కూర్చుని బుట్టలో చేపల మీద ఐసు జల్లుతోంది. బండి లేక మళ్ళీ నెత్తి మీద బుట్టే. ఆమెని చూసి నవ్వింది.

జ్యోతిర్మయి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. చిట్టమ్మ చేతులు ఐసులోనే ఆగిపోయాయి.

"మరి ఆ రోజు కాదన్నావేటి?"

"భయమేసింది."

చిట్టమ్మ సముద్రం వైపు తిరిగి కూర్చుంది.  బ్యాటరీ గురించి గాని, గ్యారంటీ గురించి గాని ఒక్క మాటా అడగలేదు. చివరికి తడి చేతులు చీరకి తుడుచుకుంటూ అంది:

"నాను ఊరుకోనేదమ్మా. అప్పట్నుంచీ ఏ గుమ్మంలో బుట్ట దించితే ఆ గుమ్మంలో ఆ మనిషిని తిట్టినాను. బీడీ కాల్సి నా బేటరీ తగలెట్టినాడని. వాల్లు కూడా నాతో తిట్టినారు. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఏటి సెయ్యాల?"

 చిట్టమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని లేచి, బుట్టకి ఒక చెయ్యి వెయ్యమంది. ఇద్దరూ కలిసి ఎత్తారు. బుట్ట చాలా బరువుంది. ఐసు నీళ్ళు జ్యోతిర్మయి మోచేతుల దాకా కారాయి. చిట్టమ్మ నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే రమ్మంది.

కొండ దిగువ కాలనీలో మొదటి ఇంటి ముందు చిట్టమ్మ ఆగింది. కేక విని ఒకావిడ పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చి, ఇవాళ ఏం తెచ్చావని అడిగింది. చిట్టమ్మ బుట్ట దించింది కానీ మీద కప్పిన గోనె తియ్యలేదు. జ్యోతిర్మయి వైపు చూసింది.

"సెప్పు" అంది.

జ్యోతిర్మయి ఒక మెట్టు పైకి ఎక్కింది.

"ఆ డ్రైవర్ బీడీ కాల్చలేదండీ" అని మొదలుపెట్టింది.